హరిచందన చూసే ఎక్స్‌రేలు

హరిచందన సెలవు మీద నూజివీడు వచ్చిన మర్నాడు పొద్దున్నే పక్కింటి పార్వతి అత్తయ్య మోకాలి ఎక్స్‌రే పట్టుకుని వచ్చింది.

"చూడమ్మా చందనా, అరిగిందంటావా? నువ్వు బెంగళూరులో ఎక్స్‌రేలే చూస్తావంట కదా. మీ నాన్నగారు చెప్పారు."

"నేను చూసేవి ఆకాశంలోవి అత్తయ్యా."

"ఆకాశానికేం రోగం?" అంది ఆవిడ కంగారుగా.

వంటింట్లో తల్లి ప్రమీలారాణి నవ్వు ఆపుకోలేకపోయింది. హరిచందనకి మాత్రం నవ్వు రాలేదు. మామిడికాయల కొట్టు నుంచి తండ్రి శ్రీమన్నారాయణ వచ్చి టిఫినుకి కూర్చోగానే నిలదీసింది.

"నా పని గురించి చెప్పుకోవడానికి సిగ్గా నాన్నా? ఊరంతా నన్ను ఎక్స్‌రే డాక్టర్ని చేసేశారు!"

ఆయన చేతిలోని పెసరట్టు ముక్క పళ్ళెంలో పెట్టేశాడు.

"సిగ్గేంటమ్మా! నువ్వు రీసెర్చిలో చేరినప్పుడు అడిగాను. 'మీకు అర్థం కాదులే' అన్నావు. మళ్ళీ అడగడానికి మొహమాటమేసింది. నాకు తెలిసిన మాట ఎక్స్‌రే ఒక్కటే. అదే గొప్పగా చెప్పుకుంటున్నాను."

హరిచందన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ మాట అన్న సంగతే ఆమెకి గుర్తులేదు. కుర్చీ లాక్కుని ఆయన పక్కనే కూర్చుంది.

"భూమి చుట్టూ తిరిగే ఎక్స్‌రే టెలిస్కోపు ఒకటుంది నాన్నా. ఫలానా చోటు నుంచి ఎక్స్‌రేలు వస్తున్నాయంటుంది. ఆ చోట నాలుగైదు చుక్కలుంటే వాటిలో దేన్నుంచి వస్తున్నాయో అది చెప్పలేదు. అప్పుడు మేం కొండమీది మామూలు టెలిస్కోపుతో ఒక్కో చుక్క వెలుగునీ రంగులుగా విడదీసి చూస్తాం. అసలుది బయటపడుతుంది."

ఆయన పెసరట్టు ముక్క మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"గోడౌన్లో పండు వాసన వస్తుంది. ఏ బుట్టలోదో తెలియక ఒక్కో బుట్టా విప్పుతాం. అంతేనా?"

"అచ్చం అంతే!"

"ఇంత మాత్రానికి నాకు అర్థం కాదన్నావా?"

"తప్పైపోయింది నాన్నా" అంటూ ఆయన భుజానికి తల ఆనించింది.

"సరేలే. ఇంతకీ ఏదైనా దొరికిందా?"

"ఒకటి దొరికింది. చచ్చిపోయిన నక్షత్రం. పక్కనున్న నక్షత్రాన్ని లాక్కుని తింటోంది."

"చచ్చాక కూడా తిండేనా!" అంది ప్రమీలారాణి మరో పెసరట్టు వడ్డిస్తూ.

ముగ్గురూ పగలబడి నవ్వుతుండగా ఆయన ఫోన్ మోగింది. ఆగిరిపల్లి నుంచి సరుకు లారీ వచ్చేసిందట.

"కాస్త ఆగమను" అన్నాడాయన. సీజన్లో లారీని ఆపిన మనిషి కాదు. "మా అమ్మాయి ఆకాశం గురించి చెబుతోంది."

ఫోన్ బోర్లించి, కూతురివైపు తిరిగాడు.

"ఊఁ, చెప్పమ్మా. దాన్ని ఎలా పట్టుకున్నావు?"