జారే ముందు చెప్పే టైరు

మత్తిగిరిలో పశువుల ఫారం గోడ వెంబడి రోజూ తెల్లవారి నడిచి రావడం కేశవప్పకు అలవాటు. ఆ శనివారం ఆయన ఎడమ కాలికి చెప్పుతో, కుడి కాలికి లేకుండా తిరిగొచ్చాడు. చెవికి ఫోను ఆనించుకుని, టైర్ల కొట్టు శ్రీనివాసతో మాట్లాడుతూనే గేటు తీసి, కారు చుట్టూ ఒక చుట్టు తిరిగి, వరండాలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

గడప దగ్గర అనపకాయలు ఒలుస్తున్న ప్రేమ మొగుడి కాళ్లు చూసింది. చేట పక్కన పెట్టి వీధిలోకి పోయి, ఫారం గోడ మలుపు దాకా నడిచి, బురదలో కూరుకుపోయిన చెప్పును పీక్కొచ్చి, కొళాయి కింద కడిగి ఆయన ముందు పెట్టింది.

"చెప్పు వారు తెగినట్టుంది," అన్నాడు కేశవప్ప, ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి.

వారు తెగలేదు. ప్రేమ మళ్లీ పోయి అనపకాయల ముందు కూర్చుంది.

కేశవప్ప హోసూరులో ఒక పెద్ద బండ్ల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లు టెస్ట్ డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. కొత్త లారీని ట్రాకు మీద నాలుగు చుట్లు తోలి, ఏ చక్రంలో ఏం లోపముందో మీటర్ల కంటే ముందు కాలితో కనిపెట్టి చెప్పేవాడని ఆయనకు పేరు. రిటైరైన ఏడాదే బెంగళూరులో ఒక కాఫీ తోటల ఆసామి వదిలించుకుంటున్న ఎర్ర జపాన్ కారును తెచ్చుకున్నాడు. ఇరవై అయిదేళ్ల నాటిది, పైకప్పు మడిచే రకం, రెండే సీట్లు. మూట చింతపండు పెట్టుకోడానికి చోటు లేని కారు ఎందుకని సొంతూరు వేప్పనపల్లిలో దాయాదులు నవ్వారు. ఆదివారమైతే చాలు, పక్క సీట్లో ప్రేమను కూర్చోబెట్టుకుని కృష్ణగిరి మీదుగా ఆ ఊరికే, మామిడితోట చూడ్డానికి పోయొచ్చేవాడు. పెళ్లయిన కొత్తలో కూడా అంతసేపు పక్కపక్కన కూర్చున్నది లేదు వాళ్లిద్దరూ.

ఆర్నెల్లుగా ఆయనకు ఆ కారు మీద ఒకటే ఫిర్యాదు. టైర్లకు ప్రాణం పోయిందట. రోడ్డు మీద ఏం జరుగుతోందో కాలికి అందడం లేదట. టైరు పక్కన అచ్చువేసిన తయారీ తేదీ నాలుగంకెలు చూపించి, ఇవి ఎనిమిదేళ్ల కిందటివి, రబ్బరు రాయైపోయింది అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

నాష్టా దగ్గరా అదే మాట. ఆ సైజులో రెండు రకాలు మాత్రమే తెప్పించగలిగాడట శ్రీనివాస. ఒకటి పందాలకు వాడే మెత్తటి రబ్బరు, రోడ్డును జలగలా పట్టేది. రెండోది వానకు బాగుంటుంది గానీ పట్టు కొంచెం తక్కువ. ఆ రెండోదానికి కేశవప్ప 'పెన్షన్‌దారుల టైరు' అని పేరు పెట్టాడు.

"నాకు చీర కొనేదానికి ఎప్పుడన్నా ఇంత యోచన చేసినావా?" అంది ప్రేమ, రెండో దోసె వేస్తూ.

కూతురు ఆశ నవ్వింది. ముప్పై ఏళ్ల ఆశ కృష్ణగిరిలో మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షలు చేస్తుంది. లైసెన్సు తీసుకుని ఎనిమిదేళ్లు. కంపెనీ జీపు తోలుకుని తోటలన్నీ తిరుగుతుంది. కానీ ఈ కారు తాళం మాత్రం తండ్రి ఏనాడూ ఆమె చేతికివ్వలేదు. ఇది పాత బండి, బ్రేకు గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోతాయి, కాలికి లెక్క తెలియాలి అనేవాడు. ఎంతోమంది కుర్రాళ్లకు డ్రైవింగు నేర్పిన మనిషి కూతురికి నేర్పలేదు. ఆశ అడగడం మానేసింది.

కొట్టుకు తానూ వస్తానని ప్రేమ అంది. అయితే కారెక్కు అన్నాడు కేశవప్ప. ఆశ స్కూటర్ మీద వస్తానంది ప్రేమ. ఎందుకని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

కారణం పోయిన ఆదివారం కృష్ణగిరి టోల్‌గేట్ దగ్గర జరిగింది. ముందు సిమెంటు లారీ ఆగింది. కేశవప్ప ఆపలేదు. ఆ తర్వాత ఒక్కసారిగా చక్రాలు కీచుమన్నాయి, రబ్బరు కాలిన వాసన వచ్చింది, కారు లారీకి జానెడు దూరంలో నిలిచింది. ప్రేమకు భయం కూడా వేయలేదు. ఒళ్లో సంచి పట్టుకుని, లారీ వెనక రాసిన అక్షరాలు రెండుసార్లు చదివింది. టైర్లు అన్నాడు ఆయన. ఊఁ అంది ఆమె. ఆ రోజు నుంచి ఆమె మనసుకు ఏదీ పూర్తిగా తాకడం లేదు. వండుతోంది, తింటోంది, నిద్రపోతోంది, అంతే.

శ్రీనివాస కొట్టు హోసూరులో బాగలూరు రోడ్డు మీద ఉంది. వాళ్ల నాయన కాలం నుంచి టైర్ల వ్యాపారం. కారును జాకీల మీదికెత్తి, చక్రాలు ఊడదీసి, ముందువి రెండింటిని గోడకు ఆనించి, అరచేత్తో చుట్టూ తడిమాడు. ఒకచోట చెయ్యి ఆగింది. ఇంకాస్త తిప్పి మళ్లీ ఆపాడు. తర్వాత లేచి చేతులు తుడుచుకుని, కాఫీ తెప్పించమంటారా అని అడిగాడు. కేశవప్ప వద్దన్నాడు. పందాల టైర్లే ఎక్కించమన్నాడు.

"అన్నా, ఒక మాట," అన్నాడు శ్రీనివాస. "రబ్బరు గట్టిపడింది, నిజమే. మార్చాల్సిందే. కానీ ఈడ చూడు. చదునుగా అరిగిపోయింది. ఈడొకటి, ఆడొకటి. చక్రం తిరక్కుండా రోడ్డు మీద ఈడ్చుకుపోతే వచ్చే మచ్చలివి. రెండు టైర్లకు కలిపి ఏడుండాయి."

"ముసలి టైరు. బిగుసుకుపోదా మరి?"

"పోయినేడు ఇదే ముసలి టైరును నేనే తీసి చూసినాను కదన్నా. ఒక్క మచ్చ లేదు. నువ్వు బ్రేకు తొక్కితే నీళ్ల చెంబు తొణకదని మా నాయన చెప్తా ఉండె." శ్రీనివాస గొంతు తగ్గించాడు. "ఇది టైరు తప్పు కాదన్నా."

కేశవప్ప ముఖం గట్టిపడింది. టైర్లు అమ్మేవాడివి టైర్లు అమ్ముకో అన్నాడు. నువ్వు కాకపోతే బెంగళూరులో ఇంకొకడు అన్నాడు. ఆశ మధ్యలో వచ్చి, ఎక్కడ ఇన్నిసార్లు బ్రేకు పట్టాల్సొచ్చిందని అడిగితే, కారు తోలడం తెలియనివాళ్లు మాట్లాడొద్దన్నాడు. ఆశ ముఖం తిప్పుకుంది.

ప్రేమ అప్పటిదాకా ఒక పాత టైరు మీద కూర్చుని ఉంది. లేచి వచ్చి, మొగుడు కూర్చున్న స్టూలు ముందు నేల మీద, ఆ గ్రీజు మరకల్లోనే చతికిలబడింది.

"కాలు ఇట్లియ్యి," అంది.

"ఏందే ఇది? నలుగురిలో..."

"ఇయ్యయ్యా."

ఆయన కుడి పాదాన్ని ఒళ్లో పెట్టుకుంది. కళ్లు మూసుకోమంది. ఏ వేలు పట్టుకుంటే ఆ వేలు పేరు చెప్పమంది. కేశవప్ప విసుగ్గా కళ్లు మూసుకున్నాడు.

"చెప్పు. ఇప్పుడు ఏది పట్టుకొనుండాను?"

"చిటికెన వేలు."

"ఇప్పుడు?"

"బొటనవేలు."

"ఇప్పుడు?"

కాస్త ఆలోచించి, నడిమి వేలన్నాడు.

ఆశ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. శ్రీనివాస గోడవైపు తిరిగాడు. కేశవప్ప కళ్లు తెరిచి చూశాడు. పాదం ఒళ్లోనే ఉంది. ప్రేమ చేతులు రెండూ కొంగులో ఉన్నాయి.

"నేను ఒక్క వేలూ పట్టుకోనే లేదు," అంది ప్రేమ.

పక్క షెడ్డులో గాలి మిషను ఆగి, మళ్లీ మొదలైంది. కేశవప్ప తన పాదాన్ని వేరే ఎవరిదో అన్నట్టు చూశాడు. పదకొండేళ్లుగా షుగర్ ఉంది ఆయనకు. మాత్రలు గుర్తుంటే వేసుకుంటాడు, లేకపోతే లేదు.

ఎప్పటి నుంచి తెలుసని ఆయన అడిగాడు. ఎండాకాలం నుంచి అని చెప్పింది ప్రేమ. తోటలో మధ్యాహ్నం ఆయన పడుకున్నప్పుడు అరికాల్లో తుమ్మముల్లు చూసింది. రెండు మూడు రోజుల కిందట గుచ్చుకున్నది, చుట్టూ చీము పట్టింది. గోళ్లతో పీకేసింది. ఆయన నిద్ర చెదరలేదు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అంది ఆశ.

ప్రేమ కూతురి వైపు చూడలేదు. "చెప్తే కారు ఆగిపోతాది. అదొక్కటే కదా ఈ మనిషికి ఉండేది. నాకూ అంతే. ఆదివారం ఆ సీట్లో కూర్చుంటే నేనూ ఒక మనిషినేనని ఉంటాది. ఆ టోల్‌గేట్ కాడ లారీ కిందికి పోతా ఉంటే కూడా, పోనీలే, పక్కనే ఉండాను కదా అనుకున్నాను. అట్ల అనుకున్నందుకు ఇంటికొచ్చి భయమేసింది. ఇంక నేను ఎక్కను. ఈ మనిషినీ తోలనీను."

అంత పొడుగు మాట ప్రేమ నోట ఎవరూ ఎప్పుడూ వినలేదు.

కేశవప్ప గోడకు ఆనించిన టైరును దగ్గరికి లాక్కుని, మచ్చ మీద అరచెయ్యి పెట్టాడు. చేతికి బాగానే తెలుస్తోంది.

"నాకూ తెలుసు ప్రేమా," అన్నాడు చివరికి. "పెడల్ మీద కాలుందో లేదో వంగి చూసుకుంటా ఉండాను. ట్రాకు మీద అట్ల చూసుకునేవాడ్ని ఎవడ్నన్నా నేను దించేసుంటాను. కొత్త టైర్లేస్తే మళ్లా తెలుస్తాదేమో అనుకున్నాను. ఆ మాటే నమ్మినాను."

ప్రేమ ఆయన పాదానికి అంటిన దుమ్మును కొంగుతో తుడిచింది. సోమవారం పొద్దున కాళ్ల డాక్టరు దగ్గరికి పోదామంది. సరేనన్నాడు. తర్వాత లేచి నిలబడి, టైర్ల వరుస దగ్గరికి పోయాడు. పందాల టైరును ఒకసారి చేతి బొటనవేలితో నొక్కి వదిలేశాడు. రెండో రకాన్ని కిందికి దించి, రబ్బరు గాడుల్లో వేలు పెట్టి లోతు చూశాడు.

"ఇవి ఎక్కించు శ్రీనివాసా."

"ఇవా? పొద్దున్నుంచి వీటిని..."

"నాకు కాదు. ఆ మెత్తటిది బాగా పట్టుకుంటాది గానీ, విడిచేటప్పుడు చెప్పాపెట్టకుండా విడిచేస్తాది. ఆ లోపల సర్దుకోవాలంటే చానా ఏళ్ల కాలు కావల్ల. ఇది జారే ముందు కీచుమని చెప్తాది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు టైమిస్తాది."

ఎవరు నేర్చుకుంటారని ఆశ అడగలేదు. అడిగితే ఆయన మనసు మార్చుకుంటాడేమోనని భయపడినట్టు నిలబడిపోయింది. కేశవప్ప చొక్కా జేబులోంచి తాళం తీసి, ఆమె వైపు చూడకుండానే చెయ్యి చాపాడు.

టైర్లు ఎక్కించి, గాలి సరిచూసేసరికి మధ్యాహ్నమైంది. రెండే సీట్లు కాబట్టి ప్రేమ బస్సులో వస్తానంది. స్కూటరును సాయంత్రం వచ్చి తీసుకుపొమ్మన్నాడు శ్రీనివాస. కొన్నాక మొదటిసారి కేశవప్ప ఆ కారుకు ఎడమ తలుపు తెరిచి, తల వంచి ఎక్కాడు. అటువైపు నుంచి ఆ కారు లోపల ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు.

తొలి వంద కిలోమీటర్లు మెల్లగా పోవాలన్నాడు. కొత్త రబ్బరు మీద అచ్చులోనుంచి వచ్చిన జిడ్డుంటుంది, అది అరిగేదాకా జారుతుంది. ఆశ తలూపింది. మత్తిగిరి రోడ్డు ఎక్కి, సందడి తగ్గాక, ముందున్న గతుకు దగ్గర మెత్తగా బ్రేకు తొక్కింది. కారు తొణక్కుండా నెమ్మదించింది.

"ఎట్లుండాది?" అన్నాడు కేశవప్ప.

"బాగుండాది నాయనా."

"అట్ల కాదు. కాలికి ఏం తెలుస్తా ఉందో అది చెప్పు."

ఆశ ఆలోచించింది. మళ్లీ ఒకసారి తొక్కింది. "మొదట వేలెడు లోతు ఏమీ లేదు. ఆమీట పట్టుకుంటాది. పట్టుకున్నాక సన్నగా అదురుతా ఉంది. కుడివైపు కొంచెం ఎక్కువ."

"ఆఁ," అన్నాడు కేశవప్ప.

కళ్లు మూసుకుని సీటుకు తల ఆనించాడు. రెప్పల కిందనుంచి నీళ్లు జారి, చెంపల మీదుగా చొక్కా కాలరులోకి దిగాయి. తుడుచుకోలేదు.

"ఇంకా చెప్పు," అన్నాడు.