దర్జీ ఇంటి నుంచి ఒక ఉత్తరం

పొద్దున్నే దర్జీ మిషన్ ముందు కూర్చున్నాడు. భార్య ఇచ్చిన మూట విప్పాడు. కత్తిరించి పెట్టిన నీలం చొక్కా ముక్కలు. కొత్త బేరం అని చెప్పింది. మరి కొత్త గుడ్డకి ఈ సూది చిల్లులేంటి? వేలితో తడిమాడు. అంచు పొడుగునా ఉన్నాయి.

"ఏమేవ్, దీన్నెవరో కుట్టి విప్పారే!"

"మీ కళ్లు మసకబారాయి. ముందు ఆ టీ తాగండి," అంది ఆవిడ వంటింట్లోంచి.

కాబోలు అనుకున్నాడు. రెండేళ్ల కిందట మెట్ల మీంచి పడి తలకి దెబ్బ తగిలిన కాణ్ణుంచీ ఆయనకి అన్నీ కాబోలే. గ్లాసు చూస్తే ఖాళీగా ఉంది. తాగే ఉంటాడు.

పక్కన కూతురు ఏదో రాసుకుంటోంది.

"ఏంటమ్మా అది?"

"ఉత్తరం నాన్నా. తలకి దెబ్బ తగిలినవాళ్ల కోసం సర్కారువాళ్లు కొత్త చట్టం తేవాలనుకుంటున్నారు. ఇంకా తేలేదు. ఇళ్లల్లో ఎలా ఉంటోందో రాసి పంపమన్నారు. ఇవాళే ఆఖరు."

"మనమేం రాస్తాం? నేను శుభ్రంగా పని చేసుకుంటున్నాగా!"

కూతురు రాస్తూనే ఉంది. తల్లి గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది.

"చించెయ్యవే ఆ కాగితం!"

"ఎన్నాళ్లమ్మా ఈ అబద్ధం?"

"నీకేం, చదివేసి ఆఫీసుకి పోతావు. విన్నాక ఈయన కూలబడితే లేవనెత్తాల్సింది నేను!"

"మరి నువ్వు కూలబడితే?"

దర్జీ ఇటు చూశాడు, అటు చూశాడు. ఎవరు ఎవర్ని తిడుతున్నారో అంతు పట్టలేదు. తన గురించేనని మాత్రం తెలిసింది.

"చదువమ్మా," అన్నాడు.

కూతురు గొంతు సవరించుకుంది. "మా నాన్న దర్జీ. రెండేళ్లుగా ఒక్క బేరం రాలేదు. కాలర్ తీసుకెళ్లి చొక్కా చేతికి కుడతారు. మధ్యాహ్నం ఆయన పడుకున్నాక మా అమ్మ ఆ కుట్లన్నీ విప్పి, ఇస్త్రీ చేసి, మర్నాడు కొత్త బేరమని మళ్లీ ఇస్తుంది."

దర్జీ నీలం గుడ్డ వైపు చూశాడు. "ఒక్కటే చొక్కానా? రెండేళ్లూ?"

"ఏం చెయ్యమంటారండీ?" భార్య నేల మీద చతికిలబడింది. "ఆసుపత్రివాళ్లు మందులిచ్చి ఇంటికి పంపేశారు. ఇంట్లో ఎలా బతకాలో ఎవరూ చెప్పలేదు. మిషన్ ఆడుతుంటే మీరు మీలాగే ఉంటారు."

ఆయన నీలం ముక్కలు మడిచి పక్కన పెట్టాడు.

"ఆ చట్టం వస్తే ఏమవుతుందమ్మా?"

"పని మళ్లీ నేర్పేవాళ్లు వస్తారట. నీ దగ్గర కూర్చోడానికి ఒక మనిషిని పంపుతారట. అమ్మ కాస్త బయటికెళ్లి రావచ్చు."

"రాకపోతే?"

"తెలీదు నాన్నా."

భార్య ఆఖరుసారి గడప దాటింది ఎప్పుడా అని ఆలోచించాడు. ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. తను మర్చిపోయాడా, అసలు ఆవిడ వెళ్లనే లేదా? అదీ తెలీలేదు.

"మీ అమ్మ బయటికెళ్లి ఎన్నాళ్లయింది?"

"నువ్వు పడినప్పట్నుంచి వెళ్లలేదు. పెద్దమ్మ కూతురి పెళ్లికి కూడా."

"అయితే ముందు అది రాయి. చొక్కా సంగతి తర్వాత చూద్దాం."

భార్య మొహం చేతుల్లో దాచుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి.

దర్జీ కంగారుపడ్డాడు. "ఏడుస్తున్నావేంటే? నేనేమైనా తప్పు మాట్లాడానా?"

"లేదండీ," అంది ఆవిడ, ఆయన మోకాలి మీద చెయ్యేసి. "లేదు."

కూతురు ఇంకో కాగితం తీసుకుని, 'మా అమ్మ' అని మొదలుపెట్టింది.