వెయ్యి మీటర్ల పైన 'మీరు' లేదు

ఆస్ట్రియా కొండల్లోని మా టిరోల్‌లో ఒక మాట ఉంది. వెయ్యి మీటర్లు దాటి కొండెక్కితే ఇక 'మీరు' లేదు, అందరూ 'నువ్వే'. కింద ఎంత పెద్ద జడ్జిగారైనా సరే, పైన చేయి కలిపి పేర్లు చెప్పుకుంటే చాలు. కాకపోతే పేరు ఇచ్చినవాడు పేరు పుచ్చుకోవాలి. ముందు పెద్దవాళ్లే ఇవ్వాలి. ఈ మిగతా సగం మా తమ్ముడు కాస్సియన్ తలకెప్పుడూ ఎక్కలేదు.

వాడికి సైకిల్ పిచ్చి. ఆ వేసవంతా శనివారం వస్తే చాలు, నన్ను కారులో కుదేసి ఒక్కో లోయలో ఒక్కో సైకిల్ పార్కుకి లాక్కుపోయేవాడు. సైకిళ్లతో సహా కేబుల్ కారెక్కి కొండపైకి వెళ్లడం, మట్టి మలుపుల్లోంచి, వేర్ల మీంచి, చెక్క వంతెనల మీంచి కిందికి దూసుకురావడం, మళ్లీ ఎక్కడం. మోకాళ్లు చెక్కుకుపోయినా నాకూ అదే లోకమైపోయింది. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేనే. నాకు వాడు, వాడికి నేను. అంతకుమించి మా ఇద్దరికీ ఎవరూ లేరు.

అక్టోబరు చివర్లో పార్కులు మూసేస్తారు. ఆఖరి రోజు పక్క లోయలోని పార్కుకి వెళ్లాం. సాయంత్రానికి జనం పలచబడ్డారు. శిఖరం మీంచి పొగమంచు కిందికి జారుతోంది.

"ఇంక చాల్లేరా, ఇంటికి పోదాం," అన్నాను.

"ఒక్కసారక్కా. ఆఖరి రోజు, ఆఖరి పరుగు. నీకు భయమైతే కారులో కూర్చుని రేడియో విను."

"భయం నీ మొహం. పద."

కేబుల్ కారు తలుపు మూసుకుంటుండగా ఒకాయన సైకిలుతో లోపలికి వచ్చాడు. వయసు మళ్లిన మనిషి, నడుం కాస్త వంగింది. మొహమంతా కప్పేసే హెల్మెట్, దానిమీద నల్లటి కళ్లద్దాలు. కూర్చున్నాక కూడా తియ్యలేదు. ఆయన వెంట తడిమట్టి వాసన, కొత్తగా తవ్విన గోతిలో వచ్చే వాసన, మా మధ్య నిండిపోయింది. వాన పడి చాలా రోజులైంది.

"మీరే ఆఖరివాళ్లా?" అని మెల్లగా అడిగాడు.

కాస్సియన్ పకపకా నవ్వాడు. "ఇక్కడ ఇంకా 'మీరు' ఏంటి పెద్దాయనా? కిందికి చూడు, చర్చి గోపురం సూదంత అయిపోయింది." గ్లవ్ తీసి చేయి చాచాడు. "కాస్సియన్. మరి నువ్వు?"

ఆయన ఆ చేయి పట్టుకున్నాడు. "కాస్సియన్," అన్నాడు, కొత్త తిండిని నాలుక మీద తిప్పి చూసుకున్నట్టు. "నువ్వు."

తన పేరు చెప్పలేదు. చేయి వదిలి నాకేసి తిరిగాడు. "మరి మీరు?"

నాకు ఒళ్లు మండింది. పుచ్చుకోవడమే తప్ప ఇవ్వడం రాని మనిషికి నా పేరెందుకు? కిటికీవైపు మొహం తిప్పుకున్నాను. "మా అక్కకి కాస్త పొగరు," అన్నాడు కాస్సియన్ నా కాలు తన్నుతూ. తర్వాత చేతిని ప్యాంటుకేసి రుద్దుకుని, "అబ్బ, ఆ చేయి ఐసుగడ్డే," అని నా చెవిలో గొణిగాడు.

పైన దిగేసరికి చెట్లు కనిపించడం లేదు. కాస్సియన్ ముందు దూకాడు, వాడి వెనకే ఆ పెద్దాయన. నా గొలుసు ఊడింది. దాన్ని ఎక్కించుకుని లేచేసరికి ఇద్దరూ మంచులో కలిసిపోయారు.

నాకు ఆ దారి కొత్త. నెమ్మదిగా దిగాను. పైన్ అడవిలోకి వచ్చాక గాలి కూడా ఆగిపోయింది. నా బ్రేకుల కీచు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఒకచోట దారి రెండుగా చీలింది. ఎటు వెళ్లాలో తెలియక ఆగాను.

"అక్కా!" కుడివైపు నుంచి కాస్సియన్ గొంతు. "ఇటు!"

హమ్మయ్య అనుకుని అటు తిప్పాను. అడ్డంగా కట్టిన ఎర్రటి తాడు ఏదో తెగి వేలాడుతోంది. దాన్ని దాటాను.

"అక్కా, ఇటు రండి. నాకు దెబ్బ తగిలింది."

రండి.

సైకిలు ఆపేశాను. వాడు నన్ను పిలవని పేరంటూ లేదు. బుర్గీ అంటాడు, ముసలిదానా అంటాడు, కోపమొస్తే రాక్షసీ అంటాడు. పుట్టి మాటలు నేర్చినప్పటి నుంచి ఒక్కసారి కూడా 'రండి' అనలేదు.

"ఆటలొద్దురా..." అన్నాను.

"ఆటలు కాదక్కా. మీరు ఇంకొంచెం ముందుకు రండి."

ఒక రాయి తీసి ముందుకు విసిరాను. పడ్డ చప్పుడు కోసం చూశాను. చూశాను... రాలేదు.

సైకిలు అక్కడే పడేసి వెనక్కి పరిగెత్తాను. ఎడమ దారిలో పడ్డాను, లేచాను, మళ్లీ పరిగెత్తాను. కాస్సీ, కాస్సీ అని అరుస్తూనే ఉన్నాను. అప్పుడు కింద పొదల్లోంచి టిక్... టిక్... టిక్... తొక్కకుండా వదిలేసిన చక్రం చేసే చప్పుడు. అది వాడి చక్రమే. ఏ పార్కులోనైనా, ఎంత జనంలోనైనా నేను గుర్తుపట్టే చప్పుడు.

దారి మీది చెక్క వంతెన కింద పడి ఉన్నాడు. కాలు మోకాలి దగ్గర తిరగకూడని వైపు తిరిగి ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. నన్ను చూసి నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు, మెడ నరాలు ఉబ్బాయి. గాలి కూడా సరిగ్గా రావడం లేదు. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి.

ఫోన్ తీశాను. కొండ రక్షణ దళానికి ఎలాగో కలిసింది. పార్కు పేరు, వంతెన గుర్తు చెప్పాను. పొగమంచులో హెలికాప్టర్ రాదు, పైనుంచి ఒక జట్టు, కిందనుంచి ఒక జట్టు నడిచి వస్తాయి అన్నారు. ఎంతసేపు అని అడిగేలోగా ఫోన్ ఆగిపోయింది.

కాస్సియన్ ఛాతీ ఒకసారి లేచింది. మళ్లీ లేవడానికి చాలాసేపు పట్టింది.

"వాడికి చలేస్తోందక్కా," అంది వాడి గొంతు, వంతెన మీంచి. పలకల సందుల్లోంచి తడిమట్టి రాలుతోంది.

"వాణ్ణి వదిలెయ్!" అని అరిచాను. "నీకేం కావాలి?"

"మీరు ఇంకా పేరు చెప్పలేదు."

తమ్ముడు తల అడ్డంగా ఊపుతున్నాడు. వద్దు, వద్దు అని. వాడి గోళ్లు నా మణికట్టులో దిగాయి. తర్వాత పట్టు సడలింది... పెదాలు ఆగిపోయాయి. తొమ్మిదో ఏట న్యుమోనియా వచ్చినప్పుడు వాడి మంచం పక్కన కూర్చుని దేవుడికి ఏమేం ఇస్తానన్నానో నాకు గుర్తే. ఈసారి అడిగింది దేవుడు కాదు. అయినా నాకేం? వాడు లేకపోతే నాకు నా పేరుతో ఏం పని?

గ్లవ్ పీకేశాను. చేతిని వంతెన పైకి, పొగమంచులోకి చాచాను.

"నోట్‌బుర్గా," అన్నాను. "నన్ను నువ్వు అను. వాడిది వాడికి ఇచ్చెయ్."

ఏదో వచ్చి నా చేయి పట్టుకుంది. మెత్తగా, మర్యాదగా. "నోట్‌బుర్గా," అంది.

వెనక కాస్సియన్ గుండెలు పగిలేలా ఊపిరి పీల్చాడు. "అక్కా, వద్దే!" అని కేక పెట్టాడు. వాడి గొంతే, వాడి నోట్లోంచే! వాడిమీద పడి గట్టిగా వాటేసుకున్నాను. ఇద్దరం ఏడ్చాం. "ఎందుకు చేశావే అలా? నువ్వు మాట్లాడవేం?" అని వాడు అడుగుతూనే ఉన్నాడు. నేను వాడి జుట్టు నిమురుతూనే ఉన్నాను. ఏడుపుకి గొంతు పూడుకుపోయింది అనుకున్నాను.

కిందనుంచి దీపాలు వచ్చాయి. రోమెడ్ అనే గడ్డపాయన జట్టుకి పెద్ద. వచ్చీరాగానే కాలికి కట్టు వేసి, దుప్పట్లు చుట్టి, తమ్ముణ్ణి స్ట్రెచర్ మీదికి చేర్చారు. "నీ తమ్ముడు గట్టివాడమ్మా, బతుకుతాడు," అన్నాడు నాతో. "నీ పేరేంటి?"

"మా అక్క," అన్నాడు కాస్సియన్. "భయపడిపోయింది, మాట రావడం లేదు." స్ట్రెచర్ పక్కనే నడుస్తూ వాడి చేయి పట్టుకున్నాను. వెచ్చబడుతున్న చేయి. నా జన్మకి అది చాలనిపించింది.

రోమెడ్ భుజం మీది వాకీటాకీ గరగరమంది. పైనుంచి దిగుతున్న జట్టు.

"రోమెడ్, ఒకావిడ దొరికింది. తెగిన తాడు అవతల, లోయ అంచున కూర్చుని ఉంది. చలికి కొయ్యబారిపోయింది. పేరు నోట్‌బుర్గా అంటోంది."

రోమెడ్ నడక ఆపాడు. "ఇంకోసారి చెప్పు."

"నోట్‌బుర్గా. తమ్ముడు బతికున్నాడా అని ఒకటే ఏడుపు. ఉండు, తనే మాట్లాడుతుందట."

గరగర. తర్వాత నా గొంతు. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన నా గొంతు.

"ఒరేయ్ కాస్సీ, నేనురా. నీకేం కాలేదుగా? నీ పక్కన ఎవరో ఉన్నారంటున్నారు... ఎవర్రా అది?"

కాస్సియన్ తల తిప్పి నా మొహంలోకి చూశాడు. నేనేరా, నేనే అందామని నోరు తెరిచాను. మెడ నరాలు తెగిపోయేలా ప్రయత్నించాను.

వాడు నా చేతిలోంచి తన చేతిని మెల్లగా లాక్కున్నాడు.