వెనక మూత

తడిగుడ్డతో ఆ బుల్లి కంప్యూటర్‌ని తుడుస్తూ కూతురు దాన్ని పక్కకి వంచింది. లోపల ఏదో గలగలమంది.

తెరా యంత్రమూ ఒకే పెట్టెలో ఇమిడిన ఆ పాతకాలపు కంప్యూటర్‌ని వానాకాలమంతా కూర్చుని బతికించింది. ఈ పూట మ్యూజియంలో దాన్ని ఆడించి చూపిస్తేనే అక్కడ మరమ్మతుల ఉద్యోగం.

స్విచ్ వేసింది. తెర వెలగలేదు.

"నాన్నా, దీన్ని విప్పావా?"

"విప్పాను. అది నీది కాదు, మూలన పడున్న పనికిరాని మొదటి రకమేగా. బోర్డు తీసి చిప్పులు ఇంకోదానికి వాడుతున్నాను," పనిబల్ల మీంచి తల ఎత్తకుండానే అన్నాడు తండ్రి.

"మొదటి రకమని ఎవరు చెప్పారు?"

"వెనక మూత మీది ఉబ్బెత్తు నంబరు చెప్పింది."

కూతురికి ఒళ్లు మండిపోయింది. "నా రెండో రకం దాని మూత పగిలితే మొదటి రకం మూత తెచ్చి బిగించానని నీకు చెప్పానా లేదా? మూతని నమ్మకు, విప్పి బోర్డు చూడు అని నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది ఎవరు?"

"చూశాను. మొదటి రకమే. నువ్వు పుట్టకముందు నుంచీ చేస్తున్నా ఈ పని. నాకు పాఠాలు చెప్పకు."

వంటింట్లోంచి తల్లి గరిటెతోనే వచ్చింది. "పొద్దున్నే మొదలా? మీ ఇద్దరికీ ఒక స్విచ్ పెట్టించాలి. నాకు విసుగొచ్చినప్పుడు ఆపేసుకుంటాను."

"నువ్వుండమ్మా." కూతురు బల్ల మీది బోర్డు లాక్కుంది. చిప్పుల కాళ్లు విరిగి వేలాడుతున్నాయి. తండ్రి ఎన్నడూ అంత మొరటుగా ఊడదీయడు. కోపంలో ఆమెకు ఆ సంగతి తట్టలేదు. బోర్డు తెచ్చి అతని ముఖం ముందు పెట్టింది. "దీని మీద ఏముందో చదువు."

తండ్రి దాన్ని దగ్గరికి తెచ్చుకున్నాడు. దూరంగా పట్టుకున్నాడు. కిటికీ వైపు తిప్పాడు.

"మొదటి రకం నంబరే," అన్నాడు మొండిగా.

బోర్డు మూల ఎర్రసిరాతో ఆమె రాసుకున్న 'నాది' అన్న మాట బొటనవేలంత పెద్ద అక్షరాలతో ఉంది.

తల్లి చేతిలో గరిటె కిందకి జారింది. పెట్టెలో గలగలలాడిందేమిటో కూతురికి అప్పుడు తెలిసింది. జారిపడిన మరమేకు. వెతికితే దొరక్క వదిలేసి మూత బిగించాడు.

"నాన్నా, ఎన్నాళ్లనుంచి కనబడటం లేదు?"

"చెబితే పని మాన్పించి మూల కూర్చోబెడతారుగా," కసిరాడు తండ్రి.

"నోరు విప్పి ఒక్క మాట చెబితే నేను చదివిపెట్టేదాన్ని కాదా? నన్ను కూడా మూత చూసే లెక్కగట్టావా?" కోపం తగ్గలేదు.

తండ్రి లేచాడు. లోతులో ఉండే మరమేకుల కోసం తనే చేసుకుని, ఎవరినీ ముట్టనివ్వని పొడవాటి స్క్రూడ్రైవర్‌ని జేబులోంచి తీశాడు. కూతురి చెయ్యి తడిమి పట్టుకుని, అరచేతిలో దాన్ని పెట్టి వేళ్లు మూశాడు. గుమ్మం దగ్గర కాలితో వెతుక్కుని చెప్పులు వేసుకున్నాడు. ఒక చెయ్యి గోడకి ఆనించి బయటికి వెళ్లిపోయాడు.