జాడ చూపిన వాక్యం

అక్షరాలు ఈసారి కూడా నల్లబడలేదు. వకుళ తలకున్న సెన్సర్ బ్యాండ్ సర్దుకుని అదే వాక్యాన్ని మళ్లీ టైప్ చేసింది: "మా నాన్నగారికి మాట పడిపోయిన రోజునే స్పీచ్ థెరపిస్టును కావాలని నిశ్చయించుకున్నాను." స్క్రీన్ మీద అది నీళ్లు కలిపిన సిరాతో రాసినట్టు వెలవెలబోతూనే ఉంది.

కాలేజీ దరఖాస్తుతో పాటు తన గురించి తాను ఒక వ్యాసం రాసి పంపడం ఎప్పటినుంచో ఉంది. అడిగిన క్షణంలో కంప్యూటర్లే అలాంటి వ్యాసాలు రాసిచ్చే కాలం వచ్చాక, ఏ మాట ఎవరిదో తేలక యూనివర్సిటీలు తల పట్టుకున్నాయి. అప్పుడు డాక్టర్ రెహానా 'జాడ' అనే యంత్రాన్ని కనిపెట్టింది. జరిగినదాన్ని గుర్తు తెచ్చుకునేటప్పుడు మెదడులో పుట్టే సిగ్నల్స్ వేరు, బట్టీపట్టింది అప్పజెప్పేటప్పుడు పుట్టేవి వేరు. జ్ఞాపకంలోంచి వచ్చిన వాక్యాన్ని జాడ నల్లగా చూపిస్తుంది. సెలక్షన్ కమిటీకి వెళ్లేవి అవే.

వకుళకి ఏడుపొచ్చింది. "నేను అబద్ధం రాయలేదు మేడమ్. నాన్న బయట బెంచీ మీదే ఉన్నారు, కావాలంటే చూడండి."

వ్యాసాలు రాయించే ఈ కాకినాడ సెంటర్లో యంత్రం ఎలా పనిచేస్తోందో చూడటానికి ఆ రోజు రెహానాయే వచ్చింది. కుర్చీ లాక్కుని వకుళ పక్కన కూర్చుంది.

"అబద్ధమని జాడ అనదమ్మా. ఈ వాక్యం ఇంతకుముందు ఎన్నిసార్లు రాశావు?"

"కోచింగ్‌లో వారం వారం రాయించేవారు."

"అందుకే అరిగిపోయింది. దాన్ని వదిలెయ్. నాన్నకి మాట పోయాక ఇంట్లో ఏం జరిగిందో రాయి."

వకుళ ఆ వాక్యాన్ని చెరిపేసి మొదలుపెట్టింది.

వాళ్ల నాన్న ముత్యాలరావు బస్సు కండక్టరు. బస్సులో ఎలా అరిచేవాడో ఇంట్లోనూ అలాగే అరిచేవాడు. పక్షవాతం వచ్చి ఆ గొంతు ఆగిపోయాక, ఇల్లు ఎంత హాయిగా ఉందో అనుకుంది వకుళ. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఓ సాయంత్రం అన్నం తినిపిస్తూ, ఏం మాట్లాడాలో తోచక, ఆయన తిరిగిన రూటు గుర్తొచ్చి "సామర్లకోట" అంది. ఆయన పెదాలు వణికాయి. "పె... పెద్దాపురం" అన్నాడు. "రంగంపేట" అంది. "రాజానగరం!" అన్నాడు. నోట్లో మెతుకులు ఎగిరి ఆమె మీద పడ్డాయి. ఇద్దరూ పగలబడి నవ్వారు. నాన్నతో కలిసి అలా నవ్వడం ఆమెకి అదే మొదలు.

తలెత్తి చూస్తే స్క్రీన్ నిండా కాటుకలాంటి అక్షరాలు.

"బాగుంది," అంది రెహానా నెమ్మదిగా. "కానీ ఇంట్లోవాళ్ల సంగతి రాస్తే వాళ్లు విని ఒప్పుకోవాలి. అది రూలు."

వకుళ బయట బెంచీ వైపు చూసింది. ఇల్లు హాయిగా ఉందన్న ముక్క చెరిపేసింది. మిగిలింది చదువుకుంది. అందులో తను లేదు. ఆ ముక్క మళ్లీ రాసింది.

బెంచీ దగ్గర కూర్చుని నాన్నకి చదివి వినిపించింది. ఆ ముక్క కూడా వదలకుండా చదివింది. ముత్యాలరావు నేల చూపులు చూశాడు. తర్వాత బాగున్న చేత్తో కూతురి మణికట్టు పట్టుకున్నాడు.

"ఇ... ఇక..." నుదుట చెమట పట్టింది. "ఇక... అర... వను."

"అలా అనకు నాన్నా," అంది వకుళ, కళ్లు తుడుచుకుంటూ. "నువ్వు గొంతెత్తి అరవాలి. నేను చదవబోయేది అందుకే."

ఆయన ఒప్పుకున్నట్టు తలూపాడు. వ్యాసం వెళ్లింది.

సీటు వచ్చిందని తెలిసిన రోజు, "వకుళా!" అని ఆ ఇంట్లోంచి వీధి చివరిదాకా ఓ కేక వినిపించింది. ఏం గొడవోనని పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చారు. ముత్యాలరావు కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఇంకొక్కసారి అరవమని వకుళ బతిమాలుతోంది.