కుడి మూల గడియారం కేసు

మాణిక్యాంబ డిటెక్టివ్ ఏజెన్సీ దేశ రాజధాని శివారు ద్వారకలోని ఒక అపార్ట్‌మెంట్ సొసైటీలో, నాలుగో అంతస్తులో, ఆమె వంటింటికీ బాల్కనీకీ మధ్య ఉంది. ఆ సెక్టార్‌లో ఆగిపోయిన పెళ్లిళ్లన్నీ ఆమె విచారణ వల్ల ఆగినవే. జరిగినవన్నీ ఆమె కాకినాడ వెళ్లినప్పుడు జరిగినవి. ఈ సంగతి ఆమె సహాయకుడు మల్లేశం చెబుతుంటాడు. మేడమ్ ఒక మనిషి చెప్పులు చూసి అతని తాతగారి ఉద్యోగం చెప్పగలదని కూడా చెబుతాడు. ఒకసారి చెప్పింది, తప్పయింది. తప్పు ఆ తాతగారిదేనని మల్లేశం అభిప్రాయం.

మే నెలలో ఒక ఉదయం తలుపు తట్టిన అమ్మాయి కూర్చోకుండానే అంది.

"ఆంటీ, నా గడియారం ఎవరో దాచేస్తున్నారు."

మల్లేశం పెన్ను తీశాడు. "బంగారందా?"

"చేతి గడియారం కాదండీ, కంప్యూటర్లోది."

మల్లేశం పెన్ను జేబులో పెట్టుకున్నాడు. మాణిక్యాంబ మాత్రం కుర్చీ ముందుకు లాక్కుంది.

ఆమె పేరు తేజశ్రీ, ఊరు తెనాలి. గురుగ్రామ్‌లో ఒక ఆఫీసు తెలుగు టీమ్‌లో పని. మన ఊళ్ల ఆసుపత్రుల నుంచి వచ్చే ఇన్సూరెన్స్ కాగితాలు చదివి కంప్యూటర్లోకి ఎక్కించాలి. తనది మధ్యాహ్నం షిఫ్ట్.

"స్క్రీన్ కింద టాస్క్‌బార్ ఉంటుంది కదండీ, దాని కుడి మూల టైమ్ కనపడుతుంది. అది మాయమైపోతోంది. సెట్టింగ్స్‌లోకెళ్లి ఆన్ చేస్తాను. మర్నాడు వెళ్లేసరికి మళ్లీ ఉండదు."

"ఫోన్లో చూసుకోవచ్చుగా అమ్మాయ్?"

"ఫోన్లు, వాచీలు లాకర్లో పెట్టి వెళ్లాలండీ. కస్టమర్ల కాగితాలు ఫొటోలు తీస్తామని భయం. గోడకి గడియారాలున్నాయి. లండన్, న్యూయార్క్, టోక్యో. ఇండియాది లేదు."

"మీ కస్టమర్లు టోక్యోలో ఉన్నారా?"

"పిడుగురాళ్లలో ఉన్నారండీ."

మాణిక్యాంబ తలాడించింది. "ఇంకా?"

"నా సీటుకి ఏసీ కూడా రాదు. అది సరే. పోయిన శుక్రవారం గడియారం లేక, పనిలో పడిపోయి ఆఫీసు క్యాబ్ మిస్సయ్యాను. చీకటి రోడ్డు మీద ఒక్కదాన్నే నిలబడ్డాను. మా టీమ్‌లో ఉదయ్‌కిరణ్ అని ఉన్నాడు. కారాపి, ద్వారకే కదా, దింపుతా రా అన్నాడు. నాకు భయమేసి ఎక్కలేదు. గడియారం మొదటిసారి పోయినప్పుడు చిటికెలో తిరిగి పెట్టిందీ అతనే. అంత సులువుగా పెట్టినవాడు దాయలేడా ఆంటీ?"

"దాయగలడు."

"ఈ సాయంత్రం హెచ్‌ఆర్‌కి కంప్లైంట్ ఇద్దామనుకున్నాను. ఇస్తే అతని ఉద్యోగం పోతుంది. ఇవ్వకపోతే రోజూ నాకు భయం. ఒకవేళ అతను కాకపోతే..."

"రేపటిదాకా ఆగు" అంది మాణిక్యాంబ, టీ గ్లాసు ఆమె ముందుకు జరుపుతూ.

ఆ ఆఫీసు మేనేజర్ శశిధర్‌కు ఫోన్ చేసింది. శశిధర్ పెళ్లికి ముందు అతని గురించి విచారించింది ఆమే; ఆమె కాకినాడ వెళ్లినప్పుడు ఆ పెళ్లి జరిగిపోయింది. ఆ వివరాలింకా ఆమె అల్మరాలోనే ఉన్నాయి కనుక, లోపలికి రావడానికి అతను ఒక్క సెకను కూడా ఆలోచించకుండా అనుమతి ఇచ్చాడు.

*

లాకర్ దగ్గర మాణిక్యాంబ ఫోను, వాచీ ఇచ్చింది. మల్లేశం రెండు ఫోన్లు, టార్చి, భూతద్దం, కొలత టేపు ఇచ్చి, చివర్లో మెడలోంచి ఒక వస్తువు తీశాడు.

"యే క్యా హై భయ్యా?" అన్నాడు గార్డు.

"సీటీ" అన్నాడు మల్లేశం గంభీరంగా. గార్డు ఆ ఈల వంక ఆశగా చూశాడు.

పొద్దుటి షిఫ్ట్ వాళ్లు వెళ్లిపోయారు. మధ్యాహ్నం షిఫ్ట్ వాళ్లు ఇంకా రాలేదు. తేజశ్రీ సీటు ఖాళీగా ఉంది. స్క్రీన్ కింద కుడి మూల కూడా ఖాళీగానే ఉంది.

మాణిక్యాంబ తల పైకెత్తింది. హాలంతటికీ చల్లగాలి వస్తోంది, ఈ ఒక్క సీటు పైన మాత్రం ఏసీ గాలి వచ్చే చోట అట్టముక్క పెట్టి టేపు వేశారు. సొరుగు లాగింది. అందులో చిన్న స్టీలు డబ్బా, పక్కన రెండు దూది ఉండలు.

"మేడమ్, దూది!" మల్లేశం గొంతు తగ్గించాడు. "మత్తుమందు పెట్టి వాసన చూపిస్తరు. నేను మస్తు చూసిన." ధైర్యం చేసి డబ్బా వాసన చూశాడు. కళ్లు తిరగలేదు. "వాము వాసనొస్తుంది. ఇదేదో కొత్త మత్తుమందు ఉన్నట్టుంది."

"జాగ్రత్త, అరుగుదలకి మంచిది" అంది మాణిక్యాంబ.

ఆమె చూపు హాలు చివరనున్న తలుపు మీద పడింది. దాని మీద క్యారెట్ పట్టుకున్న కుందేలు బొమ్మ, కింద తాళం.

"అదేంటి శశిధర్ గారూ?"

"క్రెష్ మేడమ్, పిల్లల కోసం. ఆడిట్‌లో దానికి ఫుల్ మార్క్స్."

"పిల్లలేరి?"

"ఎవరూ అడగలేదు మేడమ్."

"ఈ సీట్లో పొద్దున ఎవరు కూర్చుంటారు?"

"అనూహ్య అని, చాలా క్వైట్. సీటుకి లాగిన్ ఒకటే, మనుషులు మారతారంతే. షిఫ్ట్ అవ్వగానే అందరికంటే ముందు పరిగెత్తేది ఆ అమ్మాయే. వీళ్లిద్దరూ ఒకర్నొకరు చూసుకుని కూడా ఉండరు."

కాసేపటికి మధ్యాహ్నం షిఫ్ట్ మొదలైంది. టీమంతా వచ్చి కూర్చున్నాక ఉదయ్‌కిరణ్ రొప్పుతూ వచ్చాడు.

"గడియారం సెట్టింగ్ నీకెలా తెలుసు నాయనా?" అంది మాణిక్యాంబ, అతన్ని పక్కకు పిలిచి.

"ఇదివరకు కంప్యూటర్ హెల్ప్‌డెస్క్‌ల చేసిన మేడమ్. గడియారం పోయిందని రోజుకొకరన్న ఫోన్ చేస్తుండె. పోలీస్ కంప్లైంట్ ఇయ్యాల్నా అని అడిగినోళ్లు గూడ ఉన్నరు."

"శుక్రవారం ఆ అమ్మాయి దగ్గర కారెందుకు ఆపావు?"

"ఒక్కతే నిలవడ్డది గద మేడమ్. కార్ల ఇంక ముగ్గురున్నరు, ఎనక సీట్ల ఇరుక్కోని. ముగ్గురూ నిద్రవోయిన్రు. చీకట్ల ఆమెకు కనవడలేదేమో." అతని ముఖం మారిపోయింది. "ఎందుకు మేడమ్, ఏమన్న అన్నదా?"

మాణిక్యాంబ శశిధర్ వైపు తిరిగింది. "ఇతను రోజూ ఈ టైమ్‌కేనా రావడం?"

"రోజూ లేటే మేడమ్. ఇతన్ని టైమ్‌కి చూసినవాళ్లు ఈ బిల్డింగ్‌లో లేరు."

"అచ్ఛా" అంది మాణిక్యాంబ సంతోషంగా. "రేపు షిఫ్ట్ మారేటప్పుడు ఈ కుందేలు ముందు నాలుగు కుర్చీలు వేయించండి. మీరు, ఉదయ్, తేజశ్రీ, అనూహ్య ఉండాలి."

*

మర్నాడు నలుగురూ కుందేలు ముందు కూర్చున్నారు. అనూహ్య కుర్చీ అంచున కూర్చుని లిఫ్టు వైపే చూస్తోంది. "మేడమ్, నేను వెళ్లాలండీ."

"తెలుసమ్మా. కింద నీ కోసం ఆటో ఆపి ఉంచాం. కాసేపే" అంది మాణిక్యాంబ మెత్తగా. తర్వాత అందరి వైపూ తిరిగింది. "గడియారం లేక తేజశ్రీ శుక్రవారం క్యాబ్ తప్పి చీకట్లో నిలబడింది. ఆ గడియారం ఉదయ్ దాయలేదు. తేజశ్రీ వచ్చేసరికే అది ఉండదు. ఉదయ్ తేజశ్రీ తర్వాత వస్తాడు, వెళ్లేటప్పుడు ముగ్గురితో కలిసి వెళ్తాడు. లేటుగా రావడం వల్ల ఉద్యోగం నిలబడిన మొదటి మనిషి ఇతనే."

ఉదయ్‌కిరణ్ తేజశ్రీ వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

"ఈ ఎండల్లో ఏసీ గాలిని అట్ట పెట్టి ఆపేదెవరు? చల్లగాలి తగలకూడని మనిషి. సొరుగులో దూది, చెవుల్లోంచి తీసింది. డబ్బాలో వాము. ఈ మూడూ మన ఇళ్లలో ఒక్కచోట కనపడితే, అక్కడ ఎవరుంటారు?"

"బాలింత" అంది తేజశ్రీ.

"నేను మత్తుమందు అనుకున్న" అని మల్లేశం నిజాయితీగా ఒప్పుకున్నాడు.

అనూహ్య చున్నీ గట్టిగా చుట్టుకుంది. "దూది మా అమ్మ పెడుతుందండీ, బయల్దేరేటప్పుడు. అందరూ నవ్వుతారని ఇక్కడికొచ్చాక తీసేస్తాను. పాపకి మూడో నెల. గడియారం కనపడితే ఇప్పుడు దానికి ఆకలేస్తుంది, ఇప్పుడు ఏడుస్తూ ఉంటుంది అని తెలిసిపోతుంది. తెలియగానే నాకు పాలు వచ్చేస్తాయి. బట్టలు తడిసిపోతాయి. బాత్రూమ్‌లో పిండేసి, మొహం కడుక్కుని వచ్చి కూర్చుంటాను. టైమ్ తెలీకపోతే నయం కదా అని దాచేశాను. అందరూ లేచినప్పుడు లేచి మెట్రోకి పరిగెడతాను. తిరిగి పెట్టాలని గుర్తుండదు. నా తర్వాత ఎవరు కూర్చుంటారో కూడా నాకు తెలీదు." తేజశ్రీ వైపు తిరిగింది. "చీకట్లో నిలబడ్డారంట. సారీ అక్కా."

శశిధర్ గొంతు సవరించుకున్నాడు. "ఐ ఫీల్ బ్యాడ్. కానీ సిస్టమ్ సెట్టింగ్స్ మార్చడం పాలసీకి వ్యతిరేకం మేడమ్. పైకి రిపోర్ట్ చేయకపోతే నాకు..."

అనూహ్య కుర్చీలోంచి లేచింది. "సార్, ఉద్యోగం తీసేయకండి సార్."

"మూడో నెలలోనే ఎందుకొచ్చావమ్మా?" అంది మాణిక్యాంబ. "సెలవు ఇంకా ఉండాలే?"

"ఎక్కువ రోజులు ఆగితే సీటు ఉండదన్నారండీ."

అందరూ శశిధర్‌ను చూశారు. శశిధర్ టోక్యో గడియారం వైపు చూశాడు.

"గడియారం దాచింది ఈ అమ్మాయి. దాచే గతి పట్టించిన దోషి వేరే ఉంది. ఇప్పుడు పట్టిస్తాను. మల్లేశం, తాళం చెవి."

మల్లేశం జేబులోంచి తాళం చెవి తీశాడు. నిన్నటి ఈల ఇప్పుడు గార్డు మెడలో ఉంది.

తలుపు తెరుచుకోగానే కుందేలు వెనక నుంచి విరిగిన కుర్చీలు దొర్లుకుంటూ బయటికి వచ్చాయి. వాటి వెంట పాత మానిటర్లు, ఒక ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టు, ఎవరిదో హెల్మెట్ వచ్చాయి. అన్నిటికీ చివర, ప్యాకింగ్ కూడా విప్పని ఉయ్యాల ఒకటి మెల్లగా జారి శశిధర్ బూట్ల దగ్గర ఆగింది.

"ఆడిట్ వాళ్లు కుందేలును చూసి వెళ్లిపోయారు" అంది మాణిక్యాంబ. "మీరు పైకి రిపోర్ట్ పంపండి, తప్పకుండా పంపండి. ఈ గది సంగతి కూడా అందులోనే రాయండి. నాకు ఇంకో కాపీ అక్కర్లేదు, నేను చూశాను కదా."

శశిధర్ ఆ ఉయ్యాల వైపు చూశాడు. "మా వాడు పుట్టినప్పుడు నా వైఫ్ ఉద్యోగం మానేసింది మేడమ్" అన్నాడు మెల్లగా. "ఎందుకని నేను అడగలేదు." వంగి ఒక కుర్చీ ఎత్తాడు. "ఠీక్ హై. పాపని తీసుకురా అనూహ్యా. సెలవు మిగిలింది వాడుకున్నా సరే. సీటు ఉంటుంది."

అనూహ్యను ఆటో ఎక్కించడానికి మల్లేశం కూడా వెళ్లాడు. తేజశ్రీ ఉదయ్‌కిరణ్ ముందు నిలబడింది. "నీ మీద కంప్లైంట్ ఇవ్వబోయాను" అంది. "సారీ."

ఉదయ్‌కిరణ్ నిజంగానే బెదిరాడు. తర్వాత, "మల్ల క్యాబ్ మిస్సయితే మల్ల ఆపుత" అన్నాడు. "ఈసారి ఎనక లైటేసి ముగ్గుర్ని లేపి చూపిస్త. అప్పుడు ఎక్కు."

*

సోమవారం పొద్దున అనూహ్య తల్లి కాంతమ్మ పాపను ఒళ్లో పెట్టుకుని కుందేలు గదిలో కూర్చుంది. మనవరాలి చెవుల్లోనూ దూది పెట్టింది. ఏసీ గురించి గార్డుకు తెలుగులో ఉపన్యాసం ఇస్తోంది. గార్డుకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా వెళ్లి తగ్గించాడు.

అనూహ్య తన సీట్లో కూర్చుంది. సెట్టింగ్స్ తెరిచి, గడియారం చూపించు అన్నచోట నొక్కింది. స్క్రీన్ కుడి మూల అంకెలు వెలిగాయి. చాలా రోజుల తర్వాత వాటిని సూటిగా చూసింది. పని చేసుకుంటూ మధ్యమధ్య చూస్తూనే ఉంది.

పాపకు ఆకలేసే వేళయింది. హాల్లో ఎవరూ కదల్లేదు. షిఫ్ట్ అవ్వడానికి ఇంకా చాలా టైముంది.

అనూహ్య లేచింది. ఎవరూ లేవకముందే లేచి, పరిగెత్తకుండా, ఆ తలుపు వైపు నడిచింది.