ఓదెలు కట్టిన తాళి

ఫిల్మ్ నగర్‌లో జంటగుండ్ల మలుపు దగ్గరున్న మేడలో కిరాయికి దిగినవాళ్లెవరూ ఆర్నెల్లు నిలవరు. పొద్దుగూకాక మెట్ల మీద పచ్చి పసుపు వాసన వస్తుందట... ఎవరో ఆడమనిషి వెక్కిళ్లు వినిపిస్తాయట. దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు, భయం మాత్రం ఉంది. అందుకే నేను చుట్టు తిరిగి పోతాను.

ఈ సంగతి నాకు చెప్పినవాడు కాస్ట్యూమ్స్ రామలింగం. తాగితే అబద్ధాలు చెబుతాడు గానీ, ఇది తాగకుండానే చెప్పాడు.

ఎనభైల్లో అక్కడ మేడ లేదు. రెండు పెద్ద గుండ్లు, చుట్టూ సీతాఫలం పొదలు. బోరబండ నుంచి ఓదెలు అనే అతను సినిమాల్లో వేషాలకు వచ్చాడు. మొహం అంతంతమాత్రం — చేతులు మాత్రం చూడముచ్చట. హీరో చేతులు మొరటుగా ఉంటే దగ్గరి షాట్లో ఓదెలు చేతులే పెట్టేవారు. తెర మీద ఉత్తరం రాసినా, తాళి కట్టినా అవి అతనివే.

ఒక సాయంత్రం షూటింగ్ అయ్యాక గుండు ఎక్కి కూర్చుంటే ఆమె కనిపించింది... యక్షిణి. ఆ రాతిలోనే ఉండేది. నీడ లేదు, ఒంట్లో వేడి లేదు. అయినా ఓదెలుకు భయం వెయ్యలేదు. ఇన్నేళ్లలో తన మొహం చూసి మాట్లాడింది ఈమె ఒక్కతే అన్నాడట, పిచ్చివాడు. రోజూ వెళ్లేవాడు. అలా ఏడాది గడిచింది.

ఇంతలో జూబ్లీహిల్స్ అంతటా గుండ్లు పేల్చి ఇళ్లు కట్టడం మొదలైంది. ఒకనాడు ఆమె గుండుకీ మందు కూరే బెజ్జాలు తొలిచారు. తెల్లారితే పేలుస్తారు.

"రాయి పోతే నేనూ పోతాను" అంది ఆమె.

ఒక్కటే దారి — మనిషి తాళి కడితే ఆమె మనిషైపోతుంది. పక్కన ఒక సాక్షి ఉండాలి. ముడులు వేసి చెయ్యి తీశాక మళ్లీ కట్టడానికి లేదు.

ఓదెలు పరుగున వచ్చి రామలింగం చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, జర నాతోని రా. ఏంది అని అడగకు."

చీకటి పడుతుండగా వెళ్లారు. ఆమెను చూడగానే రామలింగం రెండడుగులు వెనక్కి వేశాడు. ఓదెలు పసుపుకొమ్ము కట్టిన దారం తీశాడు. ఆమె తల వంచింది.

ఒక ముడి... రెండో ముడి...

ఆమె పాదాల దగ్గర సన్నగా నీడ పడింది!

"ఓకే" అన్నాడు రామలింగం, బిగబట్టిన ఊపిరి వదులుతూ.

ఓదెలు చేతులు తీసేసి, నవ్వుతూ నిలబడ్డాడు. ఆమె మాత్రం తల ఎత్తలేదు. అలాగే గుసగుసగా అడిగింది —

"మూడోది?"

సినిమా పెళ్లిలో మూడో ముడి వెయ్యరు. వేస్తే నిజం పెళ్లయిపోతుందని మా సినిమావాళ్ల భయం. రెండు పడగానే డైరెక్టర్ కట్ చెబుతాడు. ఆ రాత్రి కట్ చెప్పినవాళ్లెవరూ లేరు. అయినా ఆ చేతులు అక్కడే ఆగిపోయాయి.

ఓదెలు దారం అందుకోబోయాడు. వేళ్లు ఆమె మెడలోంచి దూరిపోయాయి. నీడ చెరిగిపోతోంది...

"ఉండు, ఉండు... గిప్పుడే ఏస్త..."

"అందంగా కట్టావు" అంది ఆమె.

పొద్దున్న ఏడింటికి గుండు పేలింది.

ఆ తర్వాత ఓదెలు ఏ సెట్‌కీ రాలేదు. తల్లి మల్లమ్మ అన్నం కలిపి నోట్లో పెట్టేది. అతని చేతులకు తీరికేదీ? ఎప్పుడు చూసినా గాల్లో ముడి వేస్తూనే ఉండేవట.

"పాపం, కంగారులో మర్చిపోయాడు" అన్నాను నేను.

రామలింగం నా వైపు తిరిగాడు.

"వాడు మర్చిపోయాడురా... నేను చూస్తూనే ఉన్నాను. రెండే పడ్డాయని నాకు తెలుసు. నాకు... అదే సరిగ్గా ఉందనిపించింది."